దారి తప్పితేనే ఆట

*డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో ఆడేవాళ్లు ఏం చేస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. మరి ఆట నడిపే మనిషి ముందురోజు రాత్రి కూర్చుని ఏం సిద్ధం చేసుకోవాలి?*

1969. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, మినియాపోలిస్–సెయింట్ పాల్ జంటనగరాలు. బొమ్మ సైనికులను బల్లమీద పేర్చి పాతకాలపు యుద్ధాలను మళ్లీ ఆడే బృందం ఒకటి కూడింది. ఆ రోజు ఆట నడిపే బాధ్యత డేవిడ్ వెజ్లీది. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం, దాని మీదికి రెండు వైపుల నుంచి వస్తున్న రెండు సైన్యాలు. అనుకున్నదానికంటే ఎక్కువమంది రావడంతో, సైన్యాలు దక్కనివాళ్లకు పట్టణంలో తలా ఒక పాత్ర ఇచ్చారు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఇంకొకరు విశ్వవిద్యాలయానికి పెద్ద. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఏం చేయదలచుకున్నారో తెలుసుకుని, ఆ తర్వాత యుద్ధం మొదలుపెట్టాలన్నది ఆయన పథకం. కానీ తమ వంతు వచ్చేదాకా ఊరుకునేదెవరు? గది నిండా గుసగుసలు, బేరాలు, కుట్రలు. ఇద్దరు ఆటగాళ్లు మాటా మాటా పెరిగి ద్వంద్వ యుద్ధానికి సిద్ధమయ్యారు. దానికి నియమాలే లేవు. వెజ్లీ అప్పటికప్పుడు ఏవో కల్పించి పాచికలు వేయించారు. రాత్రి గడిచిపోయింది, అసలు యుద్ధం మొదలే కాలేదు. తన ఆట చెడిపోయిందని వెజ్లీ తల పట్టుకుంటే, ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

ఆ బృందంలోనే డేవ్ ఆర్నెసన్ ఉన్నారు. ఆ పద్ధతిని పట్టుకుని ఆయన 1971 ప్రాంతంలో బ్లాక్‌మూర్ అనే మాయాలోకపు ఆట నడిపించారు. దాన్ని విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు తీసుకెళ్లి గ్యారీ గైగాక్స్‌కు చూపించారు. ఇద్దరూ కలిసి చేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974 జనవరిలో అచ్చయింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ 1,000 ప్రతులు. అంటే నిర్వాహకుడి పథకాన్ని ఆటగాళ్లు ఖాతరు చేయకపోవడంలోంచే ఈ ఆట పుట్టిందన్నమాట. అయినా అర్ధశతాబ్దం తర్వాత కూడా ఈ ఆట నడిపేవాళ్ల మొదటి ఫిర్యాదు అదే: ‘నేను రాసుకున్నది ఒకటి, వాళ్లు చేసింది ఇంకొకటి.’

ఈ ఫిర్యాదు ఇప్పుడు మన చుట్టుపక్కల కూడా వినిపిస్తోంది. 2016లో మొదలై, తొలి భాగంలోనే పిల్లలు ఈ ఆట ఆడుతున్న దృశ్యం చూపించిన నెట్‌ఫ్లిక్స్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ 2025 చివర్లో ముగిసింది. మధ్యలో 2023లో ఈ ఆట పేరుతో హాలీవుడ్ సినిమా వచ్చింది. అదే ఏడాది ఈ ఆట ఆధారంగా చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటర్ గేమ్ అవార్డులు ఎత్తుకుపోయింది. 2024లో ఆటకు యాభై ఏళ్లు నిండితే అమెరికా తపాలా శాఖ స్టాంపులు వేసింది. హైదరాబాద్ బోర్డ్ గేమ్ కేఫ్‌లలో, అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల అపార్ట్‌మెంట్లలో వారాంతపు బల్లలు వెలుస్తున్నాయి. నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు: కత్తి పట్టినవాడు, మంత్రాలు తెలిసినది, తాళాలు తీయగల దొంగ. మిగిలిన ఒక్కరు డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. లోకమంతా ఆ ఒక్కరి బాధ్యతే. వానా, వాకిలీ, రాక్షసుడూ, రాజుగారి కోపమూ అన్నీ ఆ నోటినుంచే రావాలి. ఏం చేస్తారని డీఎం అడిగితే ఆటగాడు ఏదైనా చెప్పొచ్చు. ఫలితం అనుమానంగా ఉంటే 20 ముఖాల పాచిక తేలుస్తుంది. బోర్డు లేదు, గెలుపు గీత లేదు. ‘ఏదైనా’ అన్న ఆ ఒక్క మాటతోనే డీఎంకు నిద్ర కరువవుతుంది.

ఈ వ్యాసం వాదన సూటిగా ఇదీ: ఆటగాళ్ల ఎంపికలను ముందే ఊహించడానికి ప్రయత్నించే సన్నాహం ఎప్పుడూ ఓడిపోతుంది. ఊహించనక్కర్లేని సన్నాహం ఒకటుంది. దాన్ని నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాదు.

మధ్యవర్తి ఎందుకు పుట్టాడు?

ఈ చిక్కు వెజ్లీ కంటే పాతది. 1824లో ప్రష్యా సైన్యాధికారి గేఆర్గ్ ఫాన్ రైస్విట్జ్, అంతకుముందు తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధ క్రీడను మెరుగుపరిచి, నియమాలు రాసి ప్రచురించారు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. అందులో రెండు పక్షాలు మామూలు భాషలో ఆదేశాలు రాసి ఇచ్చేవి. మధ్యవర్తి వాటిని చదివి, పటం మీద దళాలను జరిపి, పాచికలు వేసి, ఎవరికి ఏం కనిపిస్తుందో అంతవరకే చెప్పేవాడు. ఆ నియమాలు క్రమంగా బరువెక్కి, ఒక చిన్న ఘర్షణ తేలడానికే గంటలు పట్టసాగింది. 1876లో యూలియస్ ఫాన్ వెర్డీ డ్యు వెర్నోయిస్ అనే సేనాని, నియమాలూ పట్టికలూ పక్కనబెట్టి అనుభవమున్న మధ్యవర్తి విచక్షణకే వదిలేయమన్నారు. అటు అమెరికాలో 1880లో చార్లెస్ టాటెన్ అనే సైన్యాధికారి ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధ క్రీడా గ్రంథం తెచ్చారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకమే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వెజ్లీ చేతికి చిక్కింది. ఆటగాడు ఏ పని అయినా ప్రయత్నించవచ్చు, అది జరుగుతుందో లేదో మధ్యవర్తి తేల్చాలన్న ఆలోచన ఆయనకు అక్కడే దొరికింది.

ఈ వంశవృక్షంలో గమనించాల్సింది ఒకటుంది. నియమాలకు అందని పని ఎవరైనా చేసినప్పుడు జవాబు చెప్పడానికే బల్ల దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు. అందరూ నియమాల్లోపలే ఆడతారనుకుంటే చదరంగానికి లాగే ఇక్కడా మధ్యవర్తి అక్కర్లేదు. కాబట్టి ఆటగాడు పథకం దాటి వెళ్లడాన్ని ప్రమాదంగా చూసే డీఎం తన కుర్చీ ఎందుకుందో మరిచిపోయినట్టే.

363 సన్నివేశాలు, ఆడేవి 5

కొత్తగా డీఎం అయినవారు సాధారణంగా చేసే పని, కథ రాసుకోవడం. మొదట సత్రంలో ముసలాయన కనిపిస్తాడు, ఆయన గుహ గురించి చెబుతాడు, అక్కడ తాళం, ఆ తాళంతో కోట. రెండు మూడు వారాలకే ఇది నడవదని తెలుస్తుంది. అప్పుడు రెండో ఉపాయం: దారులు చీల్చడం. ముసలాయన మాట వింటే ఇది, వినకపోతే అది, చంపేస్తే ఇంకొకటి. లెక్క వేసి చూడండి. ప్రతి మలుపులో 3 దారులు, ఒక సాయంత్రానికి 5 మలుపులు అనుకుంటే చివరకు తేలే ముగింపులు 243. మధ్యలోని సన్నివేశాలతో కలిపి రాయాల్సినవి 363. ఆ రాత్రి బల్ల మీద నిజంగా ఆడేవి మాత్రం 5. మిగతా 358 ఎవరూ చూడరు. అంత రాసినా ఆటగాడు నాలుగో దారి చూస్తాడు, అది పట్టికలో ఉండదు. ఒకసారి ఆలోచిస్తే మూడంటే మూడే దారులనుకోవడమే మన భ్రమ.

కంప్యూటర్ ఆటకు వేరే గతి లేదు. ‘బాల్డర్స్ గేట్ 3’ చేసిన లేరియన్ స్టూడియోస్ ఆ చెట్టును నిజంగానే పెంచింది. వందలమంది ఏళ్ల తరబడి కూర్చుని, ఆటగాడు పొందగల ప్రతి జవాబునూ ముందే రాసి, నటులతో చెప్పించి భద్రపరిచారు. అది గొప్ప పనే. కానీ శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలను నిద్రపుచ్చి, పదింటికి నోట్‌బుక్ తెరిచే మనిషి ఆ పోటీకి దిగనక్కర్లేదు. యంత్రానికి లేనిది ఆ మనిషికి ఉంది: అడిగిన తర్వాత ఆలోచించి జవాబు చెప్పే సౌకర్యం.

చెట్టును పెంచలేనివాళ్లు కొమ్మలు నరుకుతారు. ఇటు వెళ్తే తలుపు తెరుచుకోదు, అటు వెళ్తే వంతెన కూలిపోయింది, ముసలాయనను కొడదామంటే హఠాత్తుగా మహామంత్రగాడు. ఆడేవాళ్ల భాషలో దీన్ని రైల్‌రోడింగ్ అంటారు. దాని పర్యవసానం గట్టి గొడవగా రాదు, అదే చిక్కు. ఎవరూ లేచి వెళ్లిపోరు. ఫోన్లు బయటికొస్తాయి. ఏం చేస్తారంటే ‘ఏదోటి, నువ్వే చెప్పన్నా’ అంటారు. మొదటి నెలలో గోడలెక్కిన దొంగ పాత్రధారి మూడో నెలకు తన వంతు పాచిక వేయడానికి మాత్రమే తల ఎత్తుతాడు. డీఎం దాన్ని ఆటగాళ్ల నిరాసక్తత అనుకుని ఇంకా ఎక్కువ రాస్తాడు. రాసిన కొద్దీ కాపాడుకోవాల్సింది పెరుగుతుంది, కాపాడుకునే కొద్దీ తలుపులు మూసుకుంటాయి. ఈ బల్లలు చాలావరకు ఇలాగే ఆగిపోతాయి. బయటికి చెప్పేది మాత్రం ‘టైమ్ కుదరట్లేదు’ అని.

మోటుపల్లి రేవులో ఒక ఓడ

అమెరికా రచయిత జస్టిన్ అలెగ్జాండర్ 2009 నుంచీ చెబుతున్న సలహా ఒకటి ఈ రంగంలో బాగా నాటుకుంది. కథను సిద్ధం చేయొద్దు, పరిస్థితిని సిద్ధం చేయమన్నది ఆయన మాటల సారం. వినడానికి తేలికే, తేడా పట్టుకోవడానికే ఉదాహరణ కావాలి. డ్రాగన్లు లేని ఉదాహరణ ఒకటి మన తీరం నుంచే తీసుకుందాం. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోమని రాజు వర్తకులకు మాటిచ్చాడు. శాసనం వేయడం ఒక రోజు పని, అలవాటు మారడం తరాల పని. ఆ రెంటి మధ్య ఖాళీలో ఎన్ని సాయంత్రాల ఆటైనా పడుతుంది.

కథగా రాస్తే ఇలా ఉంటుంది: ఓడ పగిలింది, వర్తకుడు వచ్చి పోయిన సరుకు వెతకమంటాడు, ఆటగాళ్లు జాలరులను ప్రశ్నిస్తారు, రాత్రి దిబ్బల వెనక దొంగలతో పోరు, చివర్లో అసలు దోషి స్థానిక నాయకుడని తేలుతుంది. మొదటి పది నిమిషాల్లోనే ఒక ఆటగాడు ‘ఆ సరుకు మనమే అమ్ముకుంటే?’ అంటాడు. మిగతా నాలుగు పేజీలు చించేయడమే.

పరిస్థితిగా రాస్తే ఒక్క పేజీ చాలు. వర్తకుడికి పట్టు బేళ్లు, కర్పూరపు పెట్టెలు కావాలి. అప్పిచ్చినవాళ్లకు అవి చూపించకపోతే అతని పరువు పోతుంది. స్థానిక నాయకుడికి పాత రోజులు కావాలి, రేవుకొచ్చిన సరుకంతా తన తాతదే. రేవు సుంకరికి ఎవరూ లెక్కల పుస్తకం అడగకుండా ఉండాలి. జాలరులు మూడు పెట్టెలు ఇసుకలో దాచారు. ఓడ మనుషులను ఒడ్డుకు చేర్చబోయి జాలరుల్లో ఒకడు మునిగిపోయాడు, అతని కుటుంబానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇంకొక్క వాక్యం: కొన్ని పెట్టెలు పగిలాయి, కర్పూరం రోజురోజుకూ హరించుకుపోతోంది. ఇంతే. ఎవరు దుర్మార్గుడో రాయలేదు, ఏం జరగాలో రాయలేదు.

ఇప్పుడు ఆటగాళ్లు ఏం చేసినా చేయనివ్వండి. జాలరుల పక్షాన నిలబడి పెట్టెలు అమ్మిపెడతారా? కొనేవాడికి ముద్ర కావాలి, ముద్ర సుంకరి దగ్గరుంది. రాజోద్యోగుల్లా వేషం కడతారా? అందరికంటే ముందు సుంకరి వణికిపోయి లంచంతో వస్తాడు. ఓరుగల్లుకు వెళ్లి రాజుకే విన్నవించుకుంటామంటారా? వాళ్లు బయల్దేరకుండా ఆపాల్సిన అవసరం నాయకుడికుంది, అదే ఆ రాత్రి ఆట. వీటిలో ఒక్కటీ ముందే ఊహించనక్కర్లేదు. ఎవరికి ఏం కావాలో, దేనికి భయపడతారో తెలిస్తే వాళ్ల తర్వాతి అడుగు దానంతటదే తడుతుంది. చీలే దారులు రాసే పద్ధతిలో ఆటగాడి ప్రతి కొత్త ఆలోచనా డీఎం మీద పడే కొత్త పని. ఇక్కడ అదే ఆలోచన, ఉన్న నలుగురు మనుషులకూ ఒక కొత్త చిక్కు.

> పాచిక నిర్ణయించే పలకరింపు
>
> టామ్ మోల్డ్‌వే కూర్చిన 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకంలో ఒక చిన్న పట్టిక ఉంది. ఎదురైన జీవి ఎలా స్పందిస్తుందో తెలియకపోతే ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. 2 పడితే వెంటనే దాడి. 3 నుంచి 5 వరకు శత్రుభావం. 6 నుంచి 8 వరకు తేల్చుకోలేని స్థితి. 9 నుంచి 11 వరకు దాడి చేయదు. 12 పడితే స్నేహం. లెక్క ప్రకారం చూస్తే వెంటనే దాడికి దిగే అవకాశం 36లో 1, తేల్చుకోలేని స్థితికి 36లో 16. రాక్షసుడు కనిపించగానే కత్తి దూయాలన్నది ఆట నియమం కాదు, మన అలవాటు.

గడియారం ఎవరి కోసమూ ఆగదు

మనుషులూ కోరికలూ మాత్రమే ఉంటే ఆట చతికిలపడొచ్చు. ఆటగాళ్లు ఏమీ చేయకపోతే ఏమవుతుందో కూడా రాసి ఉండాలి. మోటుపల్లిలో కర్పూరం చేసే పని అదే. దీనికి ఆదిపర్వం లాంటి ఉదాహరణ బ్లాక్‌మూర్‌లోనే ఉంది. కోట కింద నేలమాళిగల్లో నిధులు వెతకడం ఆర్నెసన్ ఆటగాళ్లకు వ్యసనమైపోయింది. పైన కోటను కాపాడాలన్న ధ్యాసే లేదు. శత్రువులు వచ్చి దాన్ని ఆక్రమించుకున్నారు, వీరులు ఆ చోటు వదిలి వెళ్లాల్సొచ్చింది. ఆర్నెసన్ వాళ్లను నేలమాళిగల్లోకి వెళ్లకుండా ఆపలేదు, అలాగని శత్రువునూ ఆపలేదు. ఎంపికకు విలువ వచ్చేది అక్కడే. ఒక దారి పట్టడమంటే ఇంకో దారి ఖరీదు చెల్లించడం.

ఈ ఆలోచనను తర్వాతివాళ్లు పనిముట్టుగా మార్చారు. విన్సెంట్ బేకర్, మెగే బేకర్‌ల ‘అపొకలిప్స్ వరల్డ్’ 2010లో వచ్చింది. ఆట నడిపేవారు కథను ముందే నిర్ణయించొద్దని ఆ నియమాల పుస్తకం తెగేసి చెప్పింది. దూసుకొస్తున్న ప్రమాదాలను, అవి ఏ వరసలో ముదురుతాయో మాత్రం రాసుకోమంది. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’లో కాగితం మీద ఒక వృత్తం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు. ప్రమాదం దగ్గరపడ్డప్పుడల్లా ఒక్కో ముక్క నింపుతారు. ఆ వృత్తాన్ని అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టడం నాకు బాగా నచ్చిన సంగతి. రహస్యంగా దాచిన ముప్పు డీఎం కక్షలా అనిపిస్తుంది. కళ్లెదుట నిండుతున్నది లోకంలో జరుగుతున్న సంగతిలా అనిపిస్తుంది.

నేర పరిశోధన ఆటల్లో చిక్కు మరో రకం. హంతకుడి ఉంగరం సోఫా కింద ఉందని రాసుకుంటే, సోఫా కింద చూడని బృందం మూడు గంటలు గోడలు తడుముతుంది. అలెగ్జాండర్ దీనికి చెప్పిన మందు మూడు ఆధారాల సూత్రం. ఆటగాళ్లు గ్రహించాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు వేర్వేరు ఆధారాలుండాలి. ఒకటి వాళ్ల కంట పడదు, ఒకటి పట్టించుకోరు, మూడోదాన్నయినా సరిగ్గా చదువుతారన్న ఆశ. రాబిన్ లాస్ 2007లో రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతి ఇంకో అడుగు వేసి, అసలు ఆధారం దొరకడానికి పాచికే వద్దంది. తగిన నైపుణ్యమున్న పాత్ర తగిన చోట వెతికితే చాలు, దొరుకుతుంది. దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే ఆట.

‘మరి కథ ఏమైపోవాలి?’

మొదటి అభ్యంతరం గట్టిదే. ఎవరికి తోచినట్టు వాళ్లు వెళ్తే మిగిలేది గందరగోళమే కదా, మంచి కథకు ఒక రచయిత ఉండాలి కదా? దీనికి చరిత్రలో బలమైన సాక్ష్యమూ ఉంది. 1984లో, ఈ ఆటను అప్పట్లో ప్రచురించిన టీఎస్‌ఆర్ సంస్థ ‘డ్రాగన్‌లాన్స్’ సాహస గాథల వరస మొదలుపెట్టింది. దాని వెనక ట్రేసీ హిక్‌మన్. డ్రాగన్ సేనలపై మహాయుద్ధం, ముందే తయారైన నాయకులు, ముందే నిర్ణయించిన మలుపులు. ముఖ్యపాత్రలు చచ్చిపోకూడదు కాబట్టి, చచ్చినట్టు కనిపించినా శవం దొరకకుండా చూడమని డీఎంలకు సూచన కూడా ఉంది. విమర్శకులు పెదవి విరిచారు గానీ జనం విరగబడి కొన్నారు. మార్గరెట్ వైస్‌తో కలిసి హిక్‌మన్ రాసిన నవలలకు ఇంకా ఎక్కువ ఆదరణ దొరికింది. దాన్ని కాదనలేం. ఒక గొప్ప కథలో నడిచిన తృప్తి ఆ ఆటగాళ్లకు నిజంగా దక్కింది.

కానీ అదే హిక్‌మన్ ఒక ఏడాది ముందు, 1983లో, భార్య లారాతో కలిసి రాసిన ‘రేవెన్‌లాఫ్ట్’ పక్కన పెట్టి చూడండి. రక్తపిపాసి ప్రభువు స్ట్రాడ్ కోట. గదులన్నీ స్థిరం, స్ట్రాడ్ స్వభావమూ స్థిరం. అతన్ని ఎదిరించడానికి కావలసిన వస్తువులు ఎక్కడున్నాయో, అతను ఎక్కడ ఎదురుపడతాడో, ఈసారి అతనికి ఏం కావాలో మాత్రం ఆట మొదట్లో తీసే జోస్యపు పేకముక్కలు నిర్ణయిస్తాయి. రచయితకే ఈ రాత్రి కథ తెలియదు. అయినా ఆ కోటకు కథ లేదని ఎవరూ అనలేదు. 2016లో దాన్ని విస్తరించి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’గా మళ్లీ తెచ్చినప్పుడు ఆ ముక్కలను అలాగే ఉంచారు. కథకు బలం సన్నివేశాల వరస నుంచే వస్తుందనుకుంటే ఇది అర్థం కాదు. దేనికోసమో తహతహలాడే ఒక మనిషి, అతనికి అడ్డుపడే నలుగురు మనుషులు ఉన్నచోట కథ పుట్టకుండా ఆపడమే కష్టం. ఇక నవల లాంటి తృప్తే కావాలంటే డ్రాగన్‌లాన్స్ నవలలున్నాయి, అవి చదవడానికి నలుగురి తీరిక కలవనక్కర్లేదు.

రెండో అభ్యంతరం కాస్త టక్కరిది. ఎడమ దారైనా కుడి దారైనా అదే రాక్షసుడు ఎదురైతే ఆటగాళ్లకు తెలుస్తుందా? తెలియనప్పుడు నష్టమేంటి? సగం ఒప్పుకోవాలి. రెండు దారుల గురించీ ఏమీ తెలియని స్థితిలో ఒకటి ఎంచుకోవడం ఎంపికే కాదు, బొమ్మా బొరుసే. అక్కడ రాక్షసుణ్ని ఎటు జరిపినా ఎవరి సొమ్మూ పోలేదు. కానీ వాళ్లు ఊళ్లో వాకబు చేసి, గూఢచారిని పంపి, ఎడమవైపు ప్రమాదమని తెలుసుకుని కుడివైపు తిరిగారనుకోండి. అక్కడా అదే రాక్షసుడు లేస్తే, తెలుసుకోవడానికి వాళ్లు పడ్డ శ్రమను డీఎం దొంగిలించినట్టే. ఒక్కసారికి పట్టుబడకపోవచ్చు. నెలలు గడిచాక తమ జాగ్రత్తకు ఎప్పుడూ ఫలితం రాదని వాళ్లకు అర్థమవుతుంది. ఎలా అర్థమైందో చెప్పలేరు గానీ వాకబు చేయడం మానేస్తారు.

అలాగని రాసుకున్నది ఏదీ జరపకూడదని కాదు. మైక్ షే 2018లో రాసిన ‘రిటర్న్ ఆఫ్ ద లేజీ డంజన్ మాస్టర్’లో ఒక చక్కని పద్ధతి చెప్పారు. ప్రతి సెషన్‌కూ బయటపడగల పది రహస్యాలు రాసుకోమంటారు, అవి ఎక్కడ, ఎవరి నోట బయటపడతాయో మాత్రం రాయొద్దంటారు. సుంకరి లెక్కలు తప్పుడువన్న సంగతి జాలరి చెప్పొచ్చు, తాగిన గుమాస్తా చెప్పొచ్చు, దేవాలయ పూజారి చెప్పొచ్చు. ఇంకా బల్ల మీదికి రాని నిజాన్ని జరపడం వేరు, ఆటగాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని రద్దు చేయడం వేరు.

> పదకొండు మిలియన్ల ఆట
>
> 2015 మార్చిలో కొందరు గాత్ర నటులు తమ ఇంటి ఆటను ఆన్‌లైన్‌లో ప్రసారం చేయడం మొదలుపెట్టారు. పేరు ‘క్రిటికల్ రోల్’, డీఎం మాథ్యూ మెర్సర్. 2019లో తమ ఆటను యానిమేషన్‌గా తీయడానికి ప్రేక్షకులను 7.5 లక్షల డాలర్లు అడిగితే కోటీ 13 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. 2022లో అది ‘ద లెజెండ్ ఆఫ్ వోక్స్ మాకినా’గా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది.

అందరూ మెర్సర్లు కాలేరు, కానక్కర్లేదు

మూడో అభ్యంతరం ఎక్కువగా వినిపించేది: అప్పటికప్పుడు అల్లడం ప్రతిభావంతులకే సాధ్యం. క్రిటికల్ రోల్ చూసి డీఎం అయినవాళ్లు పది గొంతులతో మాట్లాడలేక, మెర్సర్‌లా వర్ణించలేక కుంగిపోవడం ఎంత మామూలైందంటే ఆ బాధకు ఆయన పేరే పెట్టారు. మనవాళ్లయితే అవధానంతో పోలుస్తారు. పృచ్ఛకులు అడుగడుగునా అడ్డం పడుతుంటే ఆశువుగా పద్యం చెప్పే అవధాని. పోలిక సగమే నిలుస్తుంది. అవధాని చేతిలో కాగితం ఉండదు, పృచ్ఛకుడు పద్యం పూర్తిచేయడంలో సాయం చేయడు. డీఎం ముందు నోట్సు ఉంటుంది, తడబడితే పాచిక ఉంది, అన్నిటికీ మించి ఎదురుగా కూర్చున్న నలుగురూ అదే లోకాన్ని కడుతున్నారు. ‘ఈ సత్రం ఎలా ఉంటుంది, నువ్వే చెప్పు’ అని ఒక ఆటగాణ్ని అడిగితే తప్పేమీ లేదు. పది నిమిషాలు విరామం తీసుకుని టీ పెట్టుకుంటూ ఆలోచించినా తప్పులేదు.

నిజానికి అప్పటికప్పుడు అల్లేవాళ్లు తడబడేది ప్రతిభ చాలక కాదు, పట్టుకోవడానికి ఏమీ లేక. పేర్లు తట్టవు, దూరాలు తెలియవు, ఎవరికెవరు శత్రువో గుర్తుండదు. అందుకే అనుభవజ్ఞుల సన్నాహం చూడటానికి పేలవంగా ఉంటుంది: వాడని పేర్లు ఓ పాతిక, రేవు పటం, నలుగురి కోరికలు, నింపాల్సిన ఒక వృత్తం. గంట పని. ఆ గంట కూడా ఎందుకు, ఏదడిగినా జవాబు చెప్పే యంత్రం ఇప్పుడుంది కదా అంటారు. 2019లో ‘ఏఐ డంజన్’ వచ్చినప్పటి నుంచీ ఆ ప్రయోగాలు సాగుతున్నాయి. వాటి లోపం కల్పన తక్కువై కాదు, ‘కుదరదు’ అనడం రాక. తాళం వేసిన తలుపు తెరుచుకోదని, చచ్చినవాడు తిరిగిరాడని గట్టిగా నిలబడే లోకంలోనే తెలివైన ఎంపికకు అర్థముంటుంది.

ఇక చివరిది, స్వేచ్ఛ ఎక్కువైతే ఆటగాళ్లు బిక్కచచ్చిపోతారన్న మాట. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మహాసముద్రం చూపించి ఎటు వెళ్తారని అడిగితే ఎవరూ కదలరు. పరిస్థితి అంటే మహాసముద్రం కాదు గనకే అది పనిచేస్తుంది. పగిలిన ఓడ, ఏడుస్తున్న వర్తకుడు, దిబ్బల మీద పొగ. మొదటి నిమిషంలోనే పట్టుకోవడానికి మూడు తాళ్లు వేలాడుతుండాలి, నాలుగోది వాళ్లు పేనుకుంటారు. అమెరికాలో బెన్ రాబిన్స్ నడిపిన ‘వెస్ట్ మార్చెస్’ ఆటలో ఎక్కడికెళ్లాలో, ఎప్పుడు ఆడాలో ఆటగాళ్లే తేల్చుకుని డీఎంకు ముందుగా చెప్పాలి. ఊహించే బెడదే లేదు, అడిగేశారు. అన్ని బల్లలకూ ఆ పద్ధతి నప్పదు గానీ అందులోంచి ఒక్క ముక్క ఎవరైనా తీసుకోవచ్చు: సెషన్ ముగిసే ముందు, సంచులు సర్దుకుంటున్నప్పుడు, ‘వచ్చే వారం ఏం చేద్దామనుకుంటున్నారు?’ అని అడగడం. ఓరుగల్లు అన్నారా, ఈ వారం రాయాల్సింది ఓరుగల్లు దారే. మాట మార్చితే మార్చారు, రేవు పేజీ ఎటూ చేతిలోనే ఉంది.

ఇదంతా మొదలుపెట్టడానికి ఖరీదైన పుస్తకాలు కూడా అక్కర్లేదు. 2023 జనవరిలో, లైసెన్సు షరతులు బిగించబోయి అభిమానుల ఆగ్రహం చవిచూసిన, ఈ ఆటను ఇప్పుడు ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ, ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. మూలం పేరు చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తెలుగులో ఈ ఆట రావాలని కోరేవాళ్లు ముందుగా ఆ నియమాల అనువాదానికి దిగుతుంటారు. నా ఉద్దేశంలో అది రెండో పని. రెండు పాచికలు, ‘ఆరు దాటితే కుదిరింది’ అన్న నియమంతో కూడా ఒక సాయంత్రం గడిచిపోతుంది. మోటుపల్లి లాంటి ఒక్కో పేజీ పరిస్థితులు ఓ యాభై తెలుగులో రాసి పెడితే, వాటిలో ఏది ఎటు తిరుగుతుందో గుంటూరులోనో డాలస్‌లోనో ఎవరో నలుగురు ఆడి తేలుస్తారు.